బోణీ చిప్

కరోనా తర్వాత పోకర్ గదులు మళ్ళీ తెరిచిన ఏడాది నన్ను గోవాలో నది మీద నిలిపిన ఒక కాసినో ఓడకు ఫ్లోర్ సూపర్‌వైజరుగా వేశారు. డీలర్లకు పైన, మేనేజరుకు కింద ఉండే పదవి. టేబుల్ దగ్గర తగాదా వస్తే తీర్పు చెప్పేది ఫ్లోరే. ఆ గదికి కిటికీలు లేవు, గడియారం లేదు. నీటి మీద ఓడ మెల్లగా ఊగేది, డబ్బుకు బదులు పందెం కాసే చిప్స్ బిళ్ళలు గలగలమనేవి. నాకేమో తమిళనాడులోని మా ధర్మపురిలో నాన్న అంగట్లో కూర్చుని కునుకు తీస్తున్నట్టే ఉండేది.

ఆటకు కూర్చునే ముందు కొనవలసిన చిప్స్‌ను బై-ఇన్ అంటాం. ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు అని దానికి హద్దులుంటాయి. అదే పందెం నడిచే మరో టేబుల్‌కు మారేవాడు మాత్రం తన ముందున్న చిప్స్ అన్నీ, హద్దు దాటినా సరే, వెంట తీసుకెళ్ళాలి. ఒక్కటి జేబులో వేసుకున్నా తప్పే. వేసుకుంటే దాన్ని తిరిగి గెలిచే వీలు ఎదుటివాళ్ళకు ఉండదు కదా!

ఒక మధ్యాహ్నం నుదుట కుంకుమ బొట్టు పెట్టుకున్న ఒకాయన టేబుల్ మార్పు అడిగాడు. చిప్స్ సర్దుకుని లేచాడో లేదో, ఆయన చేతిలో ఓడిన ఆటగాడు కేకలు పెట్టాడు. ఒక చిప్ జేబులో దాచాడని, దొంగ అని, బయటికి పంపమని. అది నిజమని తేలితే మళ్ళీ ఆ గది గడప తొక్కనివ్వరు. పాపం, ఆయన ముఖం పాలిపోయింది. తమిళంలో మొదలుపెట్టి కంగారులో తెలుగులోకి వచ్చేశాడు.

"అయ్యో సామీ, దొంగతనం ఏమీ లేదు! మొదట గెలిచిన చిప్ ఇది, బోణీ. కండ్లకద్దుకొని పక్కన పెట్టినాను. అంగట్లో అట్లనే కదా చేసేది!"

జేబులోంచి తీసి చూపించాడు. ఆ దీపాల మసకలో నాకు ఆయన వేళ్ళు కనిపించలేదు, బోణీ డబ్బు కళ్ళకద్దుకునే మా నాన్న వేళ్ళు కనిపించాయి. ఏ ఊరని తెలుగులోనే అడిగాను.

"ధర్మపురి పక్కన పాపారపట్టి."

మాది ధర్మపురే అన్నాను. ఆయనకు ప్రాణం లేచివచ్చింది. "అట్లయితే మీరే చెప్పండన్నా వీళ్ళకి!"

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు తమకు తెలియని భాష మాట్లాడుకుంటున్న మా ఇద్దరినీ అనుమానంగా చూస్తున్నారు. ఊరివాడని వదిలేస్తే ఆ గదిలో నా మాటకు విలువ ఉండదు. లోపల కోపం కూడా వచ్చింది. బోణీ చేయడానికి ఈయనకు ఇంకో చోటే దొరకలేదా!

ఇది మోసం కాదు, అలవాటు, నిషేధం ఉండదు అని అందరికీ ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయనతో మాత్రం, చిప్ టేబుల్ మీద పెట్టి ఆడవచ్చు, లేదా ఆట ముగించి అన్నీ తీసుకుని వెళ్ళవచ్చు, మధ్యేమార్గం లేదు అన్నాను.

"పెట్టిన బోణీని ఎవరైనా వెనక్కి తీస్తారా అన్నా?" అని చిప్స్ అన్నీ ఎత్తుకుని, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. నాకు బాధేసింది.

రిటైరై ఊరికి వచ్చాక, ఒక ఉదయం పాపారపట్టిలో చింతపండు కొందామని ఒక అంగడి మెట్లెక్కాను. గల్లా దగ్గర ఆయనే! ఆ రోజుకు నాదే మొదటి బేరం. నేనిచ్చిన నోటు కళ్ళకద్దుకుని, లక్ష్మీదేవి పటం ముందు పెట్టబోయి ఆగాడు.

"పక్కన పెట్టుకోవచ్చునా అన్నా? లేక టేబుల్ మీదనే ఉండాలా?"

ఇద్దరం పగలబడి నవ్వాం.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. చిప్ ఎక్కడ ఉండాలో నియమం చెబుతుంది. అక్కడ ఎందుకు లేదో మనిషినే అడగాలి.