మానిటర్ ముందు కొనమన్న మనిషి

కొత్త మానిటర్ మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొరను ఒక మూల పట్టి లాగుతుంటే వచ్చే చప్పుడు, ఆ వెంటనే ముక్కుకు తగిలే వాసన నాకు ఇప్పటికీ పడవు. మొన్న తుక్కుగూడలో స్టూడియో పెడుతున్న మిత్రుడొకరు ఎడిటింగుకు కంప్యూటర్ కొనాలి, తోడు రమ్మంటే వెళ్లాను. ఆయన ప్రాసెసర్ గురించీ గ్రాఫిక్స్ కార్డు గురించీ అడుగుతున్నాడు. దుకాణం మనిషి మాట్లాడుతూనే ఆ పొరను లాగాడు. నేను బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాకు పని నేర్పిన మనిషీ, నేను ద్రోహం చేసిన మనిషీ ఒక్కరే. ఆయన గురించి ఇప్పటిదాకా ఎవరికీ సరిగా చెప్పలేదు.

ఆయన పేరు ఖాసిం. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఇరుకు గదిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడు. మా వైపు ఆ పనిని మిక్సింగ్ అంటారు. తండ్రి పక్క ఊళ్లోనే బట్టలు కుట్టేవాడట. డిగ్రీ తప్పి తిరుగుతున్న నన్ను ఖాసిం భాయ్ పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పాడు. మొదటిసారి నన్ను వెంటబెట్టుకొని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొనడానికి వెళ్లినప్పుడు ఆయన జేబులో చిన్న కాగితం పొట్లం ఉంది. అందులో పసుపు. ముందురోజే దాన్ని కెమెరాతో తీసి పెట్టుకున్నాడు. దుకాణంలో ఆ వీడియోను ఒక్కొక్క మానిటర్ మీద వేయించి, పక్కన పొట్లం విప్పి పెట్టి, తెరనూ పసుపునూ మార్చి మార్చి చూశాడు.

దుకాణం యజమానికి నవ్వొచ్చింది. "ఏం చాచా, మానిటర్‌కు పూజ చేస్తున్నవా?"

"పూజ గాదు బేటా, సాక్ష్యం. పసుపే పసుపు లెక్క కనబడకుంటే పెండ్లిపిల్ల మొఖం నేనెట్ల నమ్మాలె?"

తిరుగు బస్సులో మానిటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకొని నాతో అన్నాడు. "అరే శ్రీశైలం, మిషన్ జోరు తక్కువైతే రెండు గంటలు ఎక్కువ కూసుంటం. గంతే. రంగు తప్పు చూపిచ్చే తెరైతే, తప్పు చేసినమని కూడ మనకు తెల్వది. మొదలు మానిటర్, తర్వాత రెండు పెద్ద డిస్కులు. ఒకటి పనికి, ఒకటి అసలు ఫుటేజీ దాచనీకి. మిగిలినదాంట్ల ఏదొస్తె గదే కొను."

కొన్నేళ్లకు రింగు రోడ్డు వచ్చింది. కొంగరకలాన్ చుట్టూ చేలు ప్లాట్లయ్యాయి. భూములమ్మిన ఇళ్లలో పెళ్లిళ్లు పెద్దవయ్యాయి, డ్రోన్లు వచ్చాయి, కెమెరాలు మారాయి. ఆ కొత్త ఫుటేజీ మా పాత కంప్యూటర్‌లో అడుగడుక్కీ ఆగిపోయేది. కొత్తది కొనక తప్పలేదు. అప్పటికే ఖాసిం భాయ్ కళ్లలో శుక్లాలు ముదిరాయి. మనిషి ఎదుట నిలబడితే గొంతును బట్టి గుర్తుపట్టేవాడు. తాను కొనాలనుకున్నవి ఒక చీటీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, "నా కండ్లు మబ్బులైనయి. నీ కండ్లతోనే చూడాలె. పోయిరా" అన్నాడు.

నేను ఒంటరిగా వెళ్లాను. అంతకు ముందు వారమే మీర్‌పేట్‌లోని ఒక స్టూడియోలో అద్దాల కంప్యూటర్ క్యాబినెట్ చూసి వచ్చాను. లోపల రంగురంగుల లైట్లు, వాటి నడుమ పెద్ద గ్రాఫిక్స్ కార్డు. వచ్చినవాళ్లంతా దాని ముందే నిలబడుతున్నారు. నాకు అదే కావాలనిపించింది. దాన్ని కొనడానికి చీటీలోని మొదటి వరుసనూ రెండో వరుసనూ వదిలేశాను. మానిటర్ చవకది తీసుకున్నాను, రెండో డిస్కు మానేశాను. గదికి తెచ్చి స్విచ్చి వేయగానే, ఖాసిం భాయ్ మసక కళ్లకు కూడా లైట్లు తెలిశాయి.

"ఏందిరా ఇది, పెండ్లి బరాత్ బండి తెచ్చినవా?" అని పకపకా నవ్వాడు. ఆ తర్వాత అడిగాడు. "మానిటర్ నేను చెప్పిందేనా?"

"అవ్ భాయ్" అన్నాను.

ఆ రెండు మాటలు అనడానికి నాకు ఏమాత్రం ఇబ్బంది కలగలేదు. అది తలచుకుంటేనే ఇప్పుడు భయం వేస్తుంది.

ఆ ఏడాదే ఆయన ఒక్కగానొక్క కూతురు షబానా పెళ్లి జరిగింది. షబానాది తండ్రి చాయ, బాగా నలుపు. ఆ కారణంగానే రెండు సంబంధాలు వెనక్కి పోయిన సంగతి నాకు తెలుసు. పెళ్లినాడు ఖాసిం భాయ్ కెమెరాను నా చేతుల్లో పెట్టాడు. "ఊరందరి పెండ్లిళ్ల కెమెరా ఎనకనే ఉన్న. ఈ ఒక్క దినం నేను బిడ్డ తండ్రిని. నువ్వు పట్టు." రోజంతా నేనే తీశాను. మిక్సింగ్‌లో కూర్చున్నప్పుడు ఒక్క మీటతో అందరి ముఖాలూ తెల్లగా, నున్నగా చేశాను. మా మానిటర్ మీద అది వెన్నెల కాసినట్టు కనిపించింది. షబానాకు మేలు చేస్తున్నానని అనుకున్నాను. నిజానికి ఆమె రంగును చూసి ఆమె సిగ్గుపడలేదు, నేను సిగ్గుపడ్డాను. పదిరోజులకు మరో పెళ్లి ఫుటేజీ వచ్చింది. ఉన్న ఒక్క డిస్కూ నిండిపోయింది. షబానా పెళ్లి ఎలాగూ పూర్తయింది కదా అని అసలు ఫుటేజీని తుడిచేశాను.

ఖాసిం భాయ్ కంటి ఆపరేషన్ అయ్యాక, పచ్చ గుడ్డ తీసేసిన మూడోరోజే మెట్లెక్కి వచ్చాడు. "బిడ్డ పెండ్లి వెయ్యి. కండ్లారా చూస్త" అన్నాడు. వేశాను. కుర్చీని ముందుకు జరుపుకున్నాడు. కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"ఎవరి బిడ్డరా ఈమె?"

నేను వీడియోను ఆపాను.

"అసలుది తియ్యి."

"లేదు భాయ్. జాగ లేకుంటే తీసేసిన."

"రెండో డిస్కు?"

"కొనలే."

ఆయన మానిటర్ అంచును వేలితో తడిమాడు. నన్ను తిట్టలేదు. "నా బిడ్డ నల్లగుందని వద్దన్నోళ్లను దర్వాజ కాడికెళ్లే ఎనక్కి పంపిచ్చిన. నిన్ను ఇంట్ల కూసోబెట్టిన" అన్నాడు. మెట్ల దగ్గర ఆగి, "బిడ్డకు నువ్వే పోయి చెప్పు. నేను చెప్పను" అని దిగిపోయాడు.

నేను వెళ్లలేదు. షబానా అత్తగారి ఊరు యాచారం అవతలే. వెళ్లి రావడానికి ఒక పూట చాలు. ఖాసిం భాయ్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పక్కనే కూర్చొని పని నేర్పుతూనే ఉన్నాడు, కానీ మా మధ్య నవ్వు పోయింది. షబానా అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఊరోళ్లందరివి చేస్తరు, ఇంటి బిడ్డది చెయ్యరు. ముసలిదాన్నయినంక ఇస్తవా అన్నా?" అని ఎత్తిపొడిచేది. "అయితది చెల్లె, అయితది" అని నవ్వేవాణ్ణి. అలా నాలుగేళ్లు దాటేశాను. ఒక వానాకాలం ఖాసిం భాయ్ గుండె ఆగి చనిపోయాడు.

నలభై రోజుల ఫాతెహా ప్రార్థన అయ్యాక షబానా తనే వచ్చింది. "అన్నా, ఇల్లంత దేవులాడిన. మా అబ్బాది వీడియో ఒక్కటి లేదు. ఆయన ఎప్పుడు కెమెరా ఎనకనే ఉండె గద. నా పెండ్లిల ఒక్కదాంట్లనే ఉన్నడు. గా వీడియో ఇయ్యి."

అప్పుడు చెప్పాను. చీటీ గురించి, అద్దాల క్యాబినెట్ గురించి, "అవ్ భాయ్" అన్న అబద్ధం గురించి, తుడిచేసిన ఫుటేజీ గురించి, ఆమెకు చెప్పమని తండ్రి అన్నా నేను రాకపోవడం గురించి. ఆమె అంతా విని, "వెయ్యి" అంది. అప్పగింతల ఘట్టం వచ్చింది. కూతురి తల మీద ఎత్తుగా ఖురాన్ పట్టుకొని ఖాసిం భాయ్ నడుస్తున్నాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"మా అబ్బాను కూడ ఇడవలేదా అన్నా?" అంది షబానా.

నేను గబగబా రంగు తగ్గించసాగాను. ముఖం బూడిద రంగుకు దిగింది. ఇంకొంచెం మార్చాను, ఎర్రబడింది. ఇంకా మారుస్తుంటే ఆమె నా చేతిని ఆపింది.

"ఇడువు. నీ యాదిల ఉన్న రంగు పెడుతున్నవ్. నా యాదిల ఉన్నది గా రంగు గాదు."

తెర మీద ఖాసిం భాయ్ ఏదో అంటున్నాడు. ఆమె కళ్లు మూసుకొని విన్నది. "షబ్బో, కొత్త చెప్పులు, జారుతయి. మెల్లగ నడువమ్మా."

"గొంతుకేం చెయ్యలే గద?"

"లేదు చెల్లె. ముట్టలేదు."

"గదొక్కటి ఇయ్యి. బొమ్మ నాకొద్దు."

శబ్దాన్ని విడిగా తీసి ఆమె ఫోన్లో వేశాను. ఫోన్‌ను చెవికి ఆనించుకొని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మెట్లు దిగి వెళ్లింది. నా మీద కోపగించుకోలేదు, క్షమించాననీ అనలేదు.

బొమ్మ నా దగ్గరే ఉండిపోయింది. తీసెయ్యమని ఆమె చెప్పలేదు, దాచుకొమ్మనీ చెప్పలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వేసుకొని చూస్తాను. నేను పూసిన తెలుపుతో ఆయన బిడ్డ వెనక నడుస్తుంటాడు, పెదవులు కదులుతుంటాయి. అప్పుడు నేను శబ్దం పెట్టను. ఆయన గొంతు షబానాది.