పసుపు పూయని కప్పతల్లి

అరవై ఏళ్లు దగ్గరపడ్డాక నాకు అక్షరాలు వచ్చాయి. అంతకుముందు ఏది చెప్పాలన్నా నోటితోనే, విన్నవాళ్లు మరిచిపోతే అంతే. బడికి ఎందుకు పోలేదని పెద్దవాళ్లకు చదువు చెప్పే సాయంత్రం క్లాసులో అందరినీ అడిగారు, నన్నూ అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే ఒక కప్ప గురించి చెప్పాలి, అంత చెప్పే ఓపిక ఆరోజు లేకపోయింది.

ఇప్పుడు రాయడానికి కారణం కిటికీలో ఉన్న సీసా. మనవరాలు శ్రావణి బడిలో చూపించడానికి తోకకప్పలను పట్టి, పైభాగం కోసేసిన ప్లాస్టిక్ సీసాలో పోసి, వనపర్తిలోని మా ఇంట్లో పెట్టింది. నాచు పట్టిన ఆ నీళ్ల వాసన ముక్కుకు తగిలితే మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, కుండ దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

మల్దకల్ దగ్గర మా ఊరిది ఎర్రమట్టి చెల్క, వాన పడితేనే పంట. మిరుగం కార్తె వచ్చి మబ్బులు ఉత్తగా కదిలిపోతుంటే, వాన కోసం వేపకొమ్మలు కట్టిన రోకలి నడుమ కప్పను తడిగుడ్డలో కట్టి, ఇద్దరు ఆడపిల్లలం భుజాలమీద మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ప్రతి గడపలో ఆడవాళ్లు బిందెతో కప్పమీద నీళ్లు గుమ్మరించి మా కొంగుల్లో జొన్నలు పోసేవాళ్లు, తలనుంచి కాళ్లదాకా తడిసి వణుకుతూ నవ్వుకుంటూ వచ్చి, ఆ జొన్నలను గుడాలు వండుకుని బెల్లంతో తినేవాళ్లం. ఆ కప్పను ఎండిన కుంటలో తవ్వి తెచ్చేది మా అవ్వే. వాన పడేదాకా దాన్ని మా ఇంట్లో బతికించి, తవ్వి తీసిన చోటే మళ్లీ వదలాలి. అడుగున తడిమట్టి, ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి, మూతికి చిల్లుల గోనెగుడ్డ ఉన్న వెడల్పు కుండ దాని ఇల్లు. చెదలు పట్టిన కట్టెను దులిపి మేత వేసేది. ఉప్పు, కారం ముట్టిన చేతులతో మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ ఏడు మా నాయిన, కూలీలను వలస తీసుకుపోయే మేస్త్రికి మాట ఇచ్చి ఉన్నాడు. వాన పడితే శనగకాయ విత్తుకుని ఇంట్లోనే ఉంటాడు, పడకపోతే అమ్మా, నాయినా లారీ ఎక్కి దూరదేశం మట్టిపనికి పోతారు. వాళ్లు పోతే చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి నేను బడి మానాలి. అప్పటికి నాకు పలకమీద 'అ' రాయడం ఒక్కటే వచ్చింది. అందుకే రోకలి మోస్తున్నంతసేపూ వెనక్కి తిరిగి కప్ప కదులుతున్నదా లేదా అని చూసుకుంటూనే ఉన్నాను.

పెద్దింటి వాకిట్లో దొరసాని పసుపు కుంకుమ గిన్నెలతో వచ్చింది. వెనకటి ఏడు ఇట్లాగే ఇల్లిల్లూ భక్తితో పూసిన పసుపుకు కప్ప పాలిపోయి చచ్చిపోయింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు దొరసానీ. కప్ప నోటితోటి నీళ్లు తాగదు, తోలుతోటే తాగుతది. పసుపు పూస్తె పసుపు గూడ తాగుతది."

"ఏమే బాలమ్మా, కప్పతల్లికి నువ్వేమన్న డాక్టరమ్మవా? బొట్టు లేకుంట తల్లి ఎట్లయితది?"

"తల్లి బతికుంటెనే గద అమ్మా బొట్టు. జర నీళ్లు పొయ్యి, ఎండకు తాళుతలేదు."

దొరసాని నీళ్లు పోసింది గాని మొహం ముడుచుకుంది. సాయంత్రానికే ఊరంతా అదే మాట, ఇగ వాన వచ్చినట్టేనని.

కప్ప బతికింది. నేను రోజూ గోనెగుడ్డ తొలగించి చూసేదాన్ని. గొంతుకింద తోలు ఎగిసి పడుతుండేది, ఒకసారి పాత పొరను చొక్కా విడిచినట్టు తలమీదుగా లాగి మింగేసింది. వాన మాత్రం రాలేదు. లారీ వచ్చింది. నాయిన కుండ దగ్గరికి వచ్చి ఒకసారి వంగి చూసి, "ఇది మంచిగనే ఉన్నది, మన రాతే బాగలేదు" అని మూట ఎత్తుకున్నాడు. తమ్ముణ్ణి నా చంకకు ఎత్తి అమ్మ మళ్లీ మా వైపు చూడలేదు.

వాళ్లు పోయిన మర్నాడు మధ్యాహ్నం వాన కొట్టింది. కుండలో కప్ప అరిచింది. తడుస్తూనే కుంటకు పోయి అవ్వ దాన్ని తీసిన చోటే వదిలింది. "ఒక్కరోజు ముందుగాల రమ్మని చెప్పకపోతివేమే" అని దాన్నే అడిగింది. అది బురదలోకి దిగిపోయింది. నా బడి అక్కడితో అయిపోయింది. పసుపు పూయనందుకే వాన ఆలస్యమైందని చాలాకాలం అన్నారు.

ఇప్పుడు రోకలి ఉన్న ఇళ్లు తక్కువ. పోయిన ఎండాకాలం మా గల్లీ పిల్లలు ఎంత వెతికినా కప్ప దొరకక, మట్టితో చేసి కర్రకు కట్టుకుని తిరిగారు. రెండిళ్లు నీళ్లు పోసేసరికే అది కరిగిపోయింది.

నిన్న సాయంత్రం ఇంతవరకు రాసి లేస్తే, సీసాలో ఒకదానికి ముందుకాళ్లు కూడా వచ్చి గోడ ఎక్కలేక జారుతున్నది. తెచ్చిన చోటే వదలాలి గాని, శ్రావణి వాటిని పట్టిన గుంటను మొరం పోసి పూడ్చేశారు. ఈరోజు పొద్దున సీసా ఒడిలో పెట్టుకుని ఆటోలో ఊరి బయటి వరిమళ్ల దాకా పోయాను. గట్టుమీద ఉన్నాయనను అడిగితే "నిన్ననే మందు కొట్టినం అవ్వా" అన్నాడు. అవతలి మడి అడిగాను, అక్కడా కొట్టారు. కాసేపు గట్టుమీదే కూర్చున్నాను. మడిలో ఒక్క కప్పా అరవలేదు. మళ్లీ ఆటో ఎక్కి ఇంటికి తెచ్చి, పాత బేసినులో తడిమట్టి పరిచి, చేతులు ఉత్త నీళ్లతో కడుక్కుని, ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి పెట్టాను.