నల్లగీత కింద సగం అతనిది

పదవీ విరమణ సభలో నాలుగు మాటలు చెప్పమంటే ప్రభుత్వ న్యాయవాది గారికి పెద్ద చిక్కే వచ్చిపడింది. దేశ భద్రత కేసులు ముప్పై ఏళ్ళు వాదించిన మనిషి. చెప్పుకోదగ్గ కేసులన్నీ చెప్పకూడనివే. ఇంట్లోనూ అదే తంతు. "మా ఆవిడ ఆఫీసులో దేశాన్ని కాపాడుతుందో, కునుకు తీస్తుందో నాకే తెలీదు," అని భర్త చుట్టాల దగ్గర వేళాకోళమాడేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది మరి, ఏం చేస్తుంది పాపం.

చివరికి ఒక్క కథ చెప్పింది. అందులో బయటపడే గుట్టు ఆమె తప్పు ఒక్కటే.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. పనిచేసేది కిటికీల్లేని గదిలో. ఫోన్లు బయట అరల్లో పెట్టి, పుస్తకంలో సంతకం చేసి లోపలికి వెళ్ళాలి. నిఘా విభాగం పంపే అసలు నివేదికలు ఆ గది దాటవు. కోర్టుకూ, ముద్దాయి తరఫు లాయరుకూ నకలు వెళుతుంది. అందులో రహస్యంగా ఉంచాల్సిన మాటల మీద నల్లగీత కొడతారు. ఏ మాట కొట్టెయ్యాలో తేల్చడం ఆమె పని.

నకలు బయటికి వెళ్ళే ముందు ఆఫీసు సూపరింటెండెంటు అసలు నివేదికను పైకి చదవాలి, ప్రభుత్వ లాయరు నకలు మీద వేలు పెట్టి వినాలి. గీత వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎందుకు కొట్టేసిందీ ఆ లాయరు చెప్పాలి. అదీ అక్కడి పద్ధతి. సూపరింటెండెంటుకు ఆఫీసులో అందరూ పెట్టిన పేరు భూతద్దం. ఆయన "కామా", "ఫుల్‌స్టాప్" అని కూడా పైకి చదివేవారు. నలభై పేజీలకు పూటంతా పట్టేది. గబగబా పేరు తెచ్చేసుకోవాలని ఉవ్విళ్ళూరుతున్న ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి ఆయన సెలవులో ఉన్నారు. రక్షణశాఖ గోదాములో ఒక టెలిఫోన్ మెకానిక్, అక్కడి ఫోన్లలో మాటలు వినడానికి దొంగచాటుగా తీగలు కలిపాడని కేసు. బెయిలు విచారణ ఆ మధ్యాహ్నమే. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని, పైకి చదివించుకోకుండానే ఆమె నకలు మీద సంతకం పెట్టి పంపేసింది. మెకానిక్‌కు బెయిలు రాలేదు. పైఅధికారి శభాష్ అన్నాడు. ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

పదకొండో రోజున భూతద్దం గారు సెలవు నుంచి వచ్చి, తాను చదవని నకలు ఒకటి వెళ్ళిందని తెలిసి, అసలు నివేదిక తీసి కూర్చున్నారు.

"అది అయిపోయిందండీ," అంది ఆమె.

"మనిషి లోపలే ఉన్నాడుగా మేడమ్, అయిపోవడమేంటి?"

పద్నాలుగో పేజీలో ఆగారు. "ఈ లైనెందుకు కొట్టేశారు?"

"మనకు కబురు చెప్పినతని పేరుందండీ అందులో."

"పేరు మూడక్షరాలు. మీరు కొట్టేసింది లైనంతా." మిగతాది ఆయన పైకి చదివారు. మెకానిక్ ఆ రోజు నాలుగింటికే గేటు దాటి వెళ్ళిపోయాడని, కామా, తాను కళ్ళారా చూశానని, ఫుల్‌స్టాప్. తీగలు కలిపింది ఆరు దాటాక అని కోర్టులో చెప్పింది ఆమే.

"పేరు మనది, దాచుకోవచ్చు. మిగతాది ఆ లోపలున్నతనిది మేడమ్," అన్నారాయన, గొంతు పెంచకుండా.

పైఅధికారి దగ్గరికి పరుగెత్తింది. "గుట్టుగా కొత్త నకలు పంపేద్దాం. పొరపాటు టైపిస్టుదని రాస్తే సరి," అన్నాడాయన. ఆ మాటకు ఆశపడ్డానని ఆమే ఒప్పుకుంటుంది. తిరిగొచ్చేసరికి భూతద్దం గారు ఫైలు కట్టి ఉంచారు. ఆమె చేతికిచ్చి, "కోర్టు రెండింటికి మొదలవుతుంది," అన్నారు. నీతులేవీ చెప్పలేదు. ఆయన ఆ ఫైలు తెరవకపోతే తానేమై ఉండేదో తలుచుకుంటే ఆమెకు ఈనాటికీ భయమేస్తుంది. ఆయన మాట వస్తే చాలు, చేతులు జోడిస్తుంది.

తప్పు నాదేనని జడ్జి ముందు చెప్పింది. ఆయన నిండు కోర్టులో కడిగి పారేశారు. సాయంత్రానికి మెకానిక్ విడుదలకు ఉత్తర్వు వచ్చింది.

వరండాలో మెకానిక్ భార్య ఎదురొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "మీరు చల్లగా ఉండాలి మేడమ్. మీ వల్లే మా ఆయన బయటికొస్తున్నాడు."

"ఆయన ఇన్నాళ్ళు లోపలున్నదీ నా వల్లేనమ్మా."

ఆ చేతులు మెల్లగా విడిపోయాయి. మెకానిక్ భార్య బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చున్న ఆరేళ్ళ కూతుర్ని చూపించింది. "బెయిలు రాలేదన్న రోజు నుంచీ నాన్నేడని నా ప్రాణం తోడేసింది. ఎందుకు రాలేదో దానికి మీరే చెప్పండి."

జడ్జి ముందు నిలబడి చెప్పిన మనిషి వెళ్ళి పాప పక్కన కూర్చుంది. "మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదమ్మా. నేనే కాగితం సరిగ్గా చదవకుండా సంతకం పెట్టేశాను."

పాప ఆమెను ఎగాదిగా చూసింది. "ఇంత పెద్దయ్యారు, మీకు చదవడం రాదా?"

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను తల్లీ," అందామె. "నేర్పే పెద్దాయన ఒకరు దొరికారు."