గొల్లభామ తలమీది కుండ

ఇంటర్ చదువుతుండగా, సిద్దిపేటలో కంప్యూటర్ బొమ్మల ప్రదర్శనకు, మగ్గం వదలనంటున్న మా నాయన, బాపును బతిమాలి తీసుకెళ్లాను. గంటసేపు లైన్లో నిలబడ్డాక కంప్యూటర్ తెరమీద, మా బాపు చీరలమీద నేసే గొల్లభామ బొమ్మ కనిపించింది. బాపు తెరమీద వేలు పెట్టి బొమ్మలోని చిన్న చిన్న గళ్లు లెక్కపెట్టసాగాడు.

“ముట్టకు పెద్దాయనా!” నిర్వాహకుడు అరిచాడు.

“తలమీది కుండ ఒక గడి పక్కకు జరిగింది సారూ. గిట్ల నేస్తే ఒరిగినట్టు కనవడ్తది.”

“కంప్యూటర్ తప్పు చేస్తదా?”

వెనకవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. “నీకేం ఎరుక బాపూ, నడువ్!” అంటూ లాక్కొచ్చాను.

అక్కడిచ్చిన ప్రింటును ఇంట్లో బాపు నేసిన అవ్వ చీర కొంగుమీది బొమ్మ పక్కన పెట్టి చూశాను. ప్రింటులో కుండ నిజంగానే ఒరిగి ఉంది. చెప్పబోతే బాపు మగ్గం ఆపలేదు.

ఇప్పటికీ నామీద నాకే మంట. పదిమందిలో అన్న మాటను ఇంట్లో వెనక్కి తీసుకుంటే ఏం లాభం?