అరిగింది సూది కాదు

ఆ వీధిలో పాత రికార్డులు అమ్మే దుకాణం ఒక్కటే. దాని యజమానిని చిన్నాపెద్దా అందరూ సూది మామయ్య అంటారు. రికార్డు మీద సూది దించేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టే తీరు చూస్తే మీరూ అదే పేరు పెడతారు. ఆయన మామయ్య కాబట్టి భార్య అందరికీ అత్తయ్య అయింది. ఈ పాటల గోల ఆవిడకు బొత్తిగా పట్టదని వీధంతా నమ్మేది. అందరికంటే గట్టిగా నమ్మింది మామయ్యే.

మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పల్లెపాటలకు కరెంటు గిటారు తగిలించి, వెనక డ్రమ్ములు మోగిస్తూ, కుర్రతనం నుంచి తల నెరిసేదాకా పాడుతూనే ఉన్న ఒక గిటారు పెద్దాయన ఉన్నాడు. ఆయన రికార్డులు దుకాణంలో ఒక అలమారా నిండా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు దాని ముందు బిక్కమొహం వేసుకుని నిలబడి, ఇన్నింటిలో ఎక్కడ మొదలుపెట్టాలండీ అని అడగడమే ఆలస్యం, మామయ్య మొహం చేటంత అయ్యేది. ముందు నువ్వేం పని చేస్తావో చెప్పు అనేవాడు. బస్సు నడిపేవాడికి వంతెన బొమ్మ ఉన్న రికార్డు. రోజంతా పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకున్న టీచరమ్మకు నీలం అట్ట రికార్డు. కొత్తగా పెళ్లయిన జంటకు పడవ బొమ్మది. అసలు మొట్టమొదటి రికార్డుతోనే మొదలుపెడతామని ఎవరైనా అంటే మాత్రం కయ్యిమని లేచేవాడు. అందులో కుర్రాడి తొందర తప్ప ఏముందని ఆయన వాదన.

ఒక్క రికార్డును మాత్రం ఆయన అలమారాలోకి రానివ్వలేదు. దాని అట్ట మీద ఉన్నది ఒట్టి కుర్చీ బొమ్మ. బ్యాండులోని వాళ్లు తలోదారి పట్టాక పెద్దాయన ఇంట్లో ఒక్కడే కూర్చుని చేసుకున్న రికార్డది. డ్రమ్ముల్లేవు, కరెంటు గిటారు లేదు. తీగల మీద వేళ్లు జారే చప్పుడు, మధ్యలో కుర్చీ కిర్రుమనడం, ఒకచోట దగ్గు. మామయ్య ఒక పాట సగం విని, ఇది రికార్డా, గది ఊడ్చిన చప్పుడా అని తీర్పు చెప్పేశాడు. దాన్ని ఇంటికి తెచ్చి ఓ మూల పడేసి, మళ్లీ దాని మొహం చూడలేదు.

ఆయనకు అరవై దాటాక మొదలైంది అసలు తంటా. వంతెన రికార్డు వేస్తే గిటారు మెరుపు తగ్గినట్టు అనిపించింది. సూది అరిగిందనుకున్నాడు. రికార్డులవాడికి ఇంకేం తోస్తుంది చెప్పండి! కొత్త సూది వేశాడు. అదీ అంతే. ప్లేయరుకు బెల్టు మార్చాడు, స్పీకర్లు మార్చాడు, ఈ కాలం సూదులన్నీ నాసిరకమని అమ్మినవాడికి ఫోన్ చేసి చెడామడా దులిపేశాడు. సౌండు పెంచుకుంటూ పోతుంటే పక్క కొట్లో దర్జీ గోడ మీద దబదబా బాదేవాడు. ఆ బాదడం కూడా మామయ్యకు వినబడేది కాదు.

చివరికి అత్తయ్యే కూర్చోబెట్టి అడిగింది.

"ఏమండీ, నేను వెనక నుంచి పిలిస్తే మీరు పలకట్లేదు. దానికి కూడా సూదే కారణమా?"

ఆ పూటంతా మామయ్య మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి చొక్కా మార్చుకుని, పద, ఆ చెవుల పరీక్షేదో చేయించుకుందాం అన్నాడు.

చెవుల పరీక్ష చేసే అమ్మాయి ఆయన్ని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. మామయ్య మీట మీద వేలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఎంతసేపటికీ మొదలుపెట్టదేమిటని విసుగొచ్చి అద్దంలోంచి చూస్తే, ఆ అమ్మాయి మొహంలో జాలి, పక్కనే చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న అత్తయ్య. పరీక్ష అప్పటికే సగం అయిపోయింది. సన్నటి చప్పుళ్లన్నీ వచ్చాయి, వెళ్లిపోయాయి. ఇన్నాళ్లూ పాపం ఏ పాపమూ ఎరగని సూదుల్ని తిట్టానని మామయ్యకు అప్పుడర్థమైంది.

ఆ అమ్మాయి మంచిది. రెండు చెవులకూ మిషన్లు అమర్చి, ఓపికగా అన్నీ చెప్పింది. ఇవి మాట వినడానికి బాగా పనికొస్తాయని, పాట కోసం వేరే సెట్టింగు పెట్టానని, అయినా మెదడు కొత్తగా అలవాటు పడాలని చెప్పింది. ఒక్క వాయిద్యమే ఉన్న పాటలతో మొదలుపెట్టమంది. మామయ్యకు ఆ ముక్క ఎక్కితేగా! ఎక్కడ మొదలుపెట్టాలో నాకే చెబుతావా తల్లీ అని నవ్వుతూ బయటికొచ్చాడు.

నేరుగా దుకాణానికి వెళ్లి వంతెన రికార్డు వేశాడు. ఆయనకు ప్రాణం అది. అందులో ప్రతి దెబ్బా కంఠతా వచ్చు. తీరా వేస్తే డ్రమ్ములూ గిటార్లూ కలిసి ఒకటే రొద, గిన్నెల బుట్ట మెట్ల మీంచి దొర్లినట్టు. నీలం అట్టది వేశాడు. పడవది వేశాడు. వారాల తరబడి ఒకటొకటే వేసి చూశాడు. తలలో ఉన్న పాట ఒకటి, చెవిలో పడేది మరొకటి. ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి సరిచేయించుకున్నా లాభం లేకపోయింది. ఒకరోజు బేరానికి వచ్చిన ఆసుపత్రి నర్సమ్మ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఏదో ఒకటి తీసుకోమ్మా అనేశాడు. ఆ మాట తన నోటివెంటే వచ్చిందని తెలిసి, ఆ పూటకే కొట్టు కట్టేసి ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు దుకాణం తెరవలేదు. పాట వినబడనివాడు పాటలమ్మడం మోసం, బోర్డు దింపేస్తాను, సరుకంతా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను అని అత్తయ్యతో చెప్పి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన మంకుపట్టు ఆవిడకు తెలుసు. అన్నాడంటే చేసేస్తాడు.

అత్తయ్య లోపలికి వెళ్లి, ఒక రికార్డు తెచ్చి ఇంట్లో ఉన్న పాత ప్లేయరు మీద పెట్టింది. అట్ట చూసి మామయ్య కస్సుమనబోయాడు. ఒట్టి కుర్చీ బొమ్మ. ఇంతలో ఆవిడ సూది దించేసింది. సూది దిగాక ఎవరూ నోరు మెదపకూడదన్నది ఆ ఇంట్లో ఆయన పెట్టిన చట్టమే. కిమ్మనకుండా కూర్చోక తప్పలేదు.

ముందు గాలి పీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత తీగ మీద వేలు జారింది. ఆ తర్వాత ఒక్క గిటారు, ఒక్క గొంతు. రొద లేదు. ఈ రికార్డును ఆయన సరిగ్గా విన్నదే లేదు కాబట్టి, ఇది ఇలా ఉండాలి కదా అని తలలోంచి గొడవపడే పాట కూడా లేదు. వస్తున్నది వస్తున్నట్టు చెవిలో పడింది. ఒక్కో మాటా తెలుస్తోంది. కుర్చీ కిర్రుమంటే కూర్చున్న మనిషి కాస్త కదిలాడని కూడా తెలుస్తోంది. మామయ్య కళ్లు చెమ్మగిల్లాయి. పాట మళ్లీ దొరికింది. ఏ దేవుడు పెట్టిన భిక్షో అనుకున్నాడు.

రెండో పాటలో ఇంకో గొంతు కలిసింది. సన్నటి ఆడగొంతు, చరణం చివర మాత్రమే వచ్చి అందుకుంటోంది. ఈ రికార్డులో పెద్దాయన ఒక్కడే కదా పాడింది, ఈవిడెవరు? మామయ్య కళ్లజోడు వెతుక్కుని, అట్ట వెనక్కి తిప్పి, అక్కడ అచ్చేసిన పేర్లన్నీ చదివాడు. ఆడమనిషి పేరెక్కడా లేదు. ఎవరై ఉంటారా అని తలెత్తాడు.

అత్తయ్య కళ్లు మూసుకుని పాడుతోంది. ఆయన దుకాణానికి వెళ్లాక, ఇన్నేళ్లుగా, వంట చేసుకుంటూ ఆవిడ వింటున్న రికార్డు అదొక్కటే. చట్టానికి భయపడి ఆయన ముందు ఏనాడూ పెదవి విప్పలేదు. ఇవాళ తనకు తెలియకుండానే పాడేస్తోంది. కళ్లు తెరిచి, ఆయన చూడటం చూసి, నాలుక కరుచుకుని ఆగిపోయింది.

మామయ్య అట్ట పక్కన పెట్టాడు. సూది ఇంకా రికార్డు మీదే ఉంది.

"ఆపకు," అన్నాడు. "రేపు దుకాణం తీస్తాలే. ఇవాళ మాత్రం నువ్వు పాడు. నాకు వినబడుతోంది."

మిషన్లు పెట్టిన అమ్మాయికి దణ్ణం పెట్టాలో, కుర్చీలో కూర్చుని పాడిన పెద్దాయనకు పెట్టాలో మామయ్యకు తెలియలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. అత్తయ్య తర్వాతి చరణం అందుకుంది.