అవ్వ పేరు పక్కన గాజు గుర్తు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. పూనకం వచ్చిందని ఊగేవాళ్ళను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మంట. చింతబరికెతో రెండు తగిలిస్తే ఏ గాలైనా దిగుతుందని నా లెక్క. ఇది చదివి నా ఇంటికి కొబ్బరికాయలు పట్టుకొని రావద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. వనపర్తిలో కూలికి పోయి వచ్చి, సాయంత్రం పెద్దల బడిలో కూర్చొని నేర్చుకున్నాను. అంతకు ముందు తెలిసిన రాత ఒక్కటే, నిశాని. మా దిక్కు చదువు రానివాళ్ళు కాగితం మీద తమ చేతికి అలవాటైన వస్తువు గీసేవాళ్ళు. సేద్యగాడు నాగలి గీస్తాడు. ఈతచెట్లు ఎక్కేవాడు కత్తి గీస్తాడు. పెళ్ళయిన ఆడది గాజు గీస్తుంది, అంటే ఒక సున్న. మొగుడు పోతే గాజులు పగలగొడతారు కదా, ఇక ఆమె ఆ సున్న గీయదు. మా అవ్వ బాలమ్మ కొడవలి గీసేది.

రాజోలి దగ్గర మా ఊళ్ళో, తుంగభద్ర ఒడ్డున ఉన్న చేనులో అవ్వ సమాధి ఉంది. సమాధి అంటే రాళ్ళు పేర్చిన మట్టి దిబ్బ. మా అమ్మ పోయాక నన్ను సాకింది అవ్వే. ముద్దు చేసి కాదు, కొట్టి సాకింది. పోయేముందు ఒక్కటే అడిగింది.

"నా మీద నాగలి పోనియ్యకే."

సరేనన్నాను.

ఆ చేను మా తాత తమ్ముడి మనవడు తిమ్మప్ప చేతిలో ఉంది. అవ్వే దాన్ని అతని తాతకు అమ్మిందని తిమ్మప్ప మాట. ఈ మధ్య గద్వాలలో పత్తి విత్తనాల సేద్యం చేయించే ఒక ఆసామికి బేరం పెట్టాడు. దిబ్బ తీసి చదును చేస్తేనే కొంటానన్నాడు ఆసామి. అవ్వకు మిగిలిన మనవరాలిని నేనే కాబట్టి నాకు అభ్యంతరం లేదని సంతకం కావాలన్నాడు. ముందు అవ్వ అమ్మిన కాగితం చూపించమన్నాను.

తిమ్మప్ప వనపర్తికి వచ్చి ఒక జిరాక్సు నా ఒళ్ళో పడేశాడు. సాదాబైనామా, అంటే రిజిస్ట్రీ కాని పాత అమ్మకం కాగితం. కూడబలుక్కుంటూ చదివాను. చివర "బాలమ్మ గాజు నిశాని" అని ఉంది. పక్కన నిండుగా ఒక సున్న.

కాగితం మీది సంవత్సరానికి నాకు ఏడేళ్ళు. తాత నేను పుట్టకముందే పోయాడు. రాసినవాడెవడో ఆడమనిషి పేరు చూసి అలవాటు కొద్దీ సున్న చుట్టేశాడు.

"ముండమోసిన మనిషి గాజు నిశాని పెడతదారా?" అన్నాను.

"అక్కా, నిన్నమొన్న అఆలు దిద్దినవ్, అప్పుడే వకీలువైనవా? ఏ గీత పెడితే ఏంది?"

"అట్లనా? అయితే నీ సంతకం కాడ గాడిద బొమ్మ గీయి, చూస్త."

అసలు కాగితం కళ్ళముందు పెట్టేదాకా సంతకం చేయనన్నాను.

అది చూడడానికి గద్వాల పోయి, అక్కడ తిమ్మప్ప ఉండే ఇంట్లో కూర్చున్నాం, పట్టపగలు. ఆసామి కూడా వచ్చాడు. తిమ్మప్ప భార్య సవారమ్మ బీరువా తీసి, కవర్లోంచి కాగితం లాగి మంచం మీద పరిచింది. నేను దాన్ని ముట్టుకోలేదు. ముందు చూసింది ఆసామే.

"ఇదేంది, గాజు పగిలుందే?"

అదే కాగితం. అవే మడతలు, మూలన అదే నూనె మరక, అదే చేతిరాత. సున్న మాత్రం రెండు ముక్కలు. ఒక ముక్క కొంచెం కిందికి జారి పక్కకు ఒరిగి ఉంది. సిరా మిగతా రాత లాగే వెలిసిపోయి ఉంది. ఆసామి కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు, గోటితో తడిమాడు. గీకిన జాడ లేదు. నా జిరాక్సు పక్కన పెట్టి చూశాడు. అందులో సున్న నిండుగా ఉంది.

"నేనే పోయి జిరాక్సు తీయించుకొచ్చిన," అంది సవారమ్మ. "అప్పుడు మంచిగనే ఉండె. తాళంచెవి నా కొంగుకే ఉంది." అలాగే నేల మీద కూలబడింది.

తిమ్మప్ప నా మీదికి లేచాడు. "బాణామతి చేసినవ్ గదనే!"

"నాకు బాణామతే వస్తే ముందుగాల నీ నోరే పడిపోతుండె."

అంటూనే నా జిరాక్సు మడిచి కొంగు కింద దాచుకున్నాను.

"రెండు కాగితాలు రెండు తీర్ల ఉన్నయి. నాకీ బేరం వద్దు," అని ఆసామి చెప్పులు వేసుకున్నాడు.

తర్వాత తిమ్మప్ప ఆ కాగితానికి మళ్ళీ జిరాక్సు తీయించాడు. అందులోనూ గాజు పగిలే ఉంది. అతనే కాగితం మార్చాడేమో అనుకున్నాను. తన బేరం తానే చెడగొట్టుకునే రకం కాదు వాడు. పురుగు తింటే బొక్క పడుతుంది గానీ గీత పక్కకు జరగదు.

అవ్వే చేసిందని సవారమ్మ అంటుంది. నేను ఒప్పుకోను. అవ్వ అయితే కొడవలి గీసేది.

నాకు బాణామతి వచ్చునని మా ఊళ్ళో పుకారు. నేను అక్కడికి పోయి నడుస్తుంటే పిల్లలను లోపలికి పిలుచుకుంటారు. పిలుచుకోనీ.

చేను ఇప్పటికీ తిమ్మప్ప చేతిలోనే ఉంది. మొన్న దుక్కికి ట్రాక్టరు పెట్టించాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. దిబ్బ దగ్గర పడేసరికి అతనే ముందుకు ఉరికి, చెయ్యి అడ్డం పెట్టి, ట్రాక్టరును దూరంగా తిప్పించాడు. నా వైపు చూడలేదు.

జిరాక్సు నా పెట్టెలో ఉంది. అందులో గాజు ఇంకా నిండుగానే ఉంది. బీరువాలోది ఎట్లా పగిలిందో నన్ను అడగొద్దు.