పిడికెడు నెమలి

ఆ రోజుల్లో నాకు భయమంటే అరంగేట్రం ఒక్కటే. అది గట్టెక్కిన మనిషికి ఇక చెమటలు పట్టించేది ఈ భూమ్మీద ఏదీ ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. డిప్లొమా చేతికొచ్చిన వేడిలోనే సూళగిరి దగ్గర హైవే పక్కనున్న ఒక బడిలో డాన్సు టీచరుగా చేరాను. (డాన్సు టీచరన్నది పేరుకే. పీటీ సారు సెలవు పెడితే ఆయన ఈల, లైబ్రరీ అమ్మ రాకపోతే ఆవిడ తాళాలు నా మెడలోనే వేలాడేవి.) చేరిన కొద్ది నెలలకే కృష్ణగిరిలో బడులన్నిటికీ డాన్సు పోటీలని కబురొచ్చింది. మా హెడ్మిస్ట్రెస్సమ్మ నన్ను పిలిచి నెమలి డాన్సు చేయించమంది. నెమలే ఎందుకని అడిగితే, పిల్లలు చిన్నవాళ్ళు, డ్రెస్సు పెద్దదిగా ఉంటే తప్పులు కనపడవని చెప్పింది. ఆవిడ ముందుచూపుకు అప్పుడు నేను చాలా ముచ్చటపడ్డాను.

నాలుగో తరగతి నుంచి ఎనిమిది మందిని ఏరుకున్నాను. అందరిలోకీ చిన్నదాన్ని బడంతా పిడికెడు అని పిలిచేది. మనిషి పిడికెడే గానీ తాళం తప్పేది కాదు, చెప్పిన అడుగు మరిచిపోయేది కాదు. చిక్కల్లా వాళ్ళ నాయనతో వచ్చింది. ఊరి బయట టమాటా తోట ఉన్న రైతు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్ళి బతిమాలితే, "మా ఇండ్లలో ఆడబిడ్డలు స్టేజీ ఎక్కింది లేదు టీచరమ్మా. మీరు ఇంతగా అడగతా ఉండారని పంపిస్తా ఉండాను. పిలుచుకొని పోయిన బిడ్డని అట్లే పిలుచుకొని రావల్ల," అన్నాడు. నా కంటిపాపలా చూసుకుంటానని మాటిచ్చి వచ్చాను.

నెలంతా సాధన చేయించాను. ఆ డాన్సులో చివరి ఘట్టమే అందం. నెమళ్ళన్నీ గుండ్రంగా తిరిగి, ఒక్కసారిగా తోకలు విప్పి నిలబడాలి. పిల్లలు తొందరపడి ముందే దిగిపోతారేమోనని, ఏం జరిగినా సరే తోక విప్పకుండా స్టేజీ దిగకూడదని రోజూ చెప్పేదాన్ని. డ్రెస్సులు హోసూరులో బాడుగకిచ్చే అంగడి నుంచి తెచ్చాం. నీలం గౌను, వెనకాల ఈకల తోక, ముఖానికి అట్టతో చేసిన నెమలి మొహం, దానికో పొడుగాటి ముక్కు. అది తగిలించుకున్నాక ఎవరు ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు. అదే అంగడి నుంచి అవే డ్రెస్సులు బర్గూరు వైపు తమిళ బడి ఒకటి కూడా తెచ్చుకుందన్న సంగతి కృష్ణగిరి చేరాకే తెలిసింది. స్టేజీ వెనక వరండాలో ఆ బడి డాన్సు మాస్టరు మమ్మల్ని చూసి మొహం చిట్లించాడు. నేనూ తక్కువ తినలేదు.

మా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. జనరేటరు వేసేలోగా వరండాలో చీకటి, తోపులాట. నీళ్ళ డ్రమ్ము దగ్గర రెండు బడుల నెమళ్ళూ కలిసిపోయి ఉన్నాయి. హాల్లో మాత్రం జనరేటరు అందుకుంది, మైకులో మా బడి పేరు పిలిచారు. నేను దొరికినవాళ్ళను దొరికినట్టు వరసలో నిలబెట్టి, తల తడిమి లెక్క చూసుకున్నాను. ఏడు. డ్రమ్ము పక్కనే చిన్న నెమలి ఒకటి నిలబడి ఉంది. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. అది అట్ట లోపలి నుంచి ఏదో గొణిగింది. తర్వాత చెబుదువులే అని స్టేజీ మీదికి తోశాను.

పాట మొదలైంది. ఏడు నెమళ్ళు కుడికి పోతే ఎనిమిదోది ఎడమకు పోయింది. అవి కూర్చుంటే ఇది నిలబడింది. తాళం తప్పని పిడికెడుకు ఏమైందో తెలియక నేను తెర పక్కనుంచి కళ్ళురిమాను, చేతులూపాను, చివరికి నేనే ఎగిరాను. మా వ్యాను వెనకే మోపెడ్ మీద వచ్చిన వాళ్ళ నాయన రెండో వరసలో ఫోను ఎత్తి పట్టుకుని కదలకుండా రికార్డు చేస్తున్నాడు. ఆట ముగిసి పిల్లలు దిగగానే ఎనిమిదో నెమలిని పక్కకు లాగి అట్ట మొహం పైకెత్తాను. లోపల ఎప్పుడూ చూడని పిల్ల. కాటుకంతా బుగ్గల మీదికి కారిపోయింది. తాను మా బడి పిల్ల కాదని తమిళంలో వెక్కుతూ చెప్పింది.

మిగిలినవాళ్ళను మా వ్యాను డ్రైవరన్నకు అప్పజెప్పి, ఆ పిల్ల చెయ్యి వదలకుండానే పరుగెత్తాను. పిడికెడు డ్రమ్ము దగ్గర లేదు. బాత్రూముల్లో లేదు. గేటు బయట హైవే మీద గ్రానైట్ బండలేసుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాచ్‌మన్‌ని అడిగితే తాపీగా, "నెమిలి వేసం బిడ్డా? పొద్దుట్నించీ యాడ జూసినా అవే కదమ్మా. దేన్నని చెప్పేది?" అన్నాడు.

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా పిడికెడు నాయన. మొహమంతా నవ్వు. ఫోను నా ముందు పెట్టాడు. అందులో పరాయి నెమలి ఎడాపెడా తిరుగుతోంది. నేను ధైర్యం కూడగట్టుకుని, ఆడింది మీ బిడ్డ కాదప్పా అన్నాను.

"నాకూ అట్లే అనిపించినాది టీచరమ్మా," అన్నాడు మురిసిపోతూ. "మా బిడ్డేనా ఇంత బాగా ఆడేదని."

అది మెచ్చుకోలు కాదని ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా మొహం చూశాడు, నా చేతిలో ఉన్న పిల్ల మొహం చూశాడు. నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అయితే నా బిడ్డ యాడ?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అప్పుడే హాల్లో ఇంకో పాట మొదలైంది. నా చేతిలోని పిల్ల, అది తమ బడి పాటేనని నా చెయ్యి గుంజింది. ముగ్గురం స్టేజీ పక్కకు పరుగెత్తాం. బర్గూరు మాస్టరు మాకు వీపు పెట్టి తాళం వేస్తున్నాడు. మీ పిల్ల నా దగ్గరుందని చెబితే, తన పిల్లలందరూ స్టేజీ మీదే ఉన్నారని విసుక్కుని తిరిగి చూశాడు. ఆ పిల్ల మొహం చూడగానే ఆయన తాళం ఆగిపోయింది.

స్టేజీ మీద ఏడు నెమళ్ళు వాళ్ళ ఆట ఆడుతున్నాయి. ఒక్కటి మాత్రం నా ఆట ఆడుతోంది. పాట వేరు, పక్కవాళ్ళు వేరు, అయినా నేను నేర్పిన అడుగులు ఒక్కటీ వదలకుండా, ఎవరికీ తగలకుండా సందుల్లోంచి తప్పుకుంటూ ఆడుకుపోతోంది. నాకు ఊపిరి వచ్చింది. అంతలో పాట అయిపోయింది. ఏడు నెమళ్ళూ దండం పెట్టి దిగిపోయాయి. పిడికెడుకు ఇంకా తోక విప్పే ఘట్టం మిగిలి ఉంది. ఏం జరిగినా దిగకూడదని చెప్పింది నేనే. పాటలేని స్టేజీ మీద ఒంటరిగా గుండ్రంగా తిరుగుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు. నేనేం చేస్తున్నానో తెలియకుండానే తెర పక్కనుంచి "తై య తై" అని గొంతెత్తాను. నా పక్కన బర్గూరు మాస్టరు అరచేతుల్తో తాళం అందుకున్నాడు. పిడికెడు తిరిగి, తిరిగి, తోక విప్పి నిలబడింది. చప్పట్లకు రేకుల కప్పు అదిరింది.

(జడ్జీలు దాన్ని ఒంటరి నెమలి అనే కొత్త కల్పన అనుకుని మొదటి బహుమతి బర్గూరు వాళ్ళకిచ్చారు. మాస్టరు కప్పు పట్టుకుని నా వైపు చూడలేక చూశాడు. మా హెడ్మిస్ట్రెస్సమ్మకు అలాంటి కల్పనలు నీకెందుకు తట్టవన్న ప్రశ్న ఏడాదంతా మిగిలింది.)

దిగి వచ్చిన పిడికెడును అక్కడికెట్లా పోయావని అడిగితే, "ఆ సారు రా అన్నారు, పోయినాను మిస్. తోక విప్పినాను కదా?" అంది. వాళ్ళ నాయన ఆ అట్ట మొహం నా చేతిలో పెట్టి, కూతుర్ని మోపెడ్ ముందు నిలబెట్టుకున్నాడు. ఇక డాన్సు మాట వినపడదని నేను నిశ్చయించుకుని నిలబడ్డాను. బండి కదిలించబోతూ నా వైపు తిరిగి, "వచ్చే ఏడాది గూడా పంపిస్తాను టీచరమ్మా. మొగానికి అట్ట మాత్రం వద్దు. బిడ్డ కనపడల్ల," అన్నాడు.

ఇప్పటికీ హోసూరు బడుల్లో డాన్సు నేర్పుతూనే ఉన్నాను. ఆనాడు తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక సీట్లో, పిల్లలందరూ నిద్రపోయాక, వాళ్ళ తలలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఆ కుర్ర టీచరు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పక్కన కూర్చుని, కాసిని మంచినీళ్ళిచ్చి, ఇంకా చాలా చెమటలు పట్టాల్సి ఉంది తల్లీ, నిదానంగా తాగు అని చెప్పాలనిపిస్తుంది.